మూర్‌ల్యాండ్ పునరుద్ధరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్ కొండల మీద హెదర్ పొదలు, దూదిగడ్డి, నాచు కప్పుకొని ఉండే చెట్లులేని విశాలమైన నేలలను అక్కడివారు మూర్ అంటారు. వాటిని బాగుచేసే పనుల గురించి ఎప్పుడు మాట్లాడినా విద్యార్థుల నుంచీ, స్వచ్ఛందంగా పనికి వచ్చేవారి నుంచీ, కొండల దిగువన ఇళ్లున్నవారి నుంచీ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, పని నడిచే క్రమంలో పేర్చి సమాధానాలు రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా ప్రతి సమాధానమూ విడిగా ఉంటుంది.

## పని మొదలుపెట్టకముందు

అది ఉత్త బీడే కదా, బాగుచేయడానికి అక్కడ ఏముంది?

దూరం నుంచి చూస్తే బీడులాగే ఉంటుంది, కాని చాలా మూర్‌ల కింద పీట్ ఉంది. వాన ఎక్కువగా, ఎండ తక్కువగా ఉండే చోట నేల ఎప్పుడూ నానుతూ ఉంటుంది. చచ్చిన మొక్కలకు గాలి తగలక అవి పూర్తిగా కుళ్లవు. అలా సగం కుళ్లిన పదార్థం వేల ఏళ్లపాటు పొరమీద పొరగా పేరుకుంటే ఏర్పడేదే పీట్. కొండంతటి మీదా దుప్పటి కప్పినట్టు పరచుకునే ఈ నేలకు బ్లాంకెట్ బాగ్ అని పేరు. ప్రపంచంలో కొద్ది ప్రాంతాల్లోనే కనిపించే ఈ నేలల్లో బ్రిటన్ వాటా పెద్దది. అక్కడి పీట్ నేలలన్నిటిలో కలిపి సుమారు 300 కోట్ల టన్నుల కార్బన్ నిల్వ ఉంది, అది బ్రిటన్ అడవుల్లో ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ. ఆ నేలల్లో దాదాపు 80 శాతం ఏదో ఒక మేరకు దెబ్బతిన్నాయి.

చెట్లు నాటితే సరిపోదా? చెట్లే కదా పర్యావరణానికి మంచివి?

లోతైన పీట్ మీద చెట్లు నాటడం మేలు చేయదు, కీడు చేస్తుంది. దీనికి స్కాట్లాండ్ ఉత్తర కొసన కెయిత్‌నెస్, సదర్లండ్ ప్రాంతాల్లో ఉన్న ఫ్లో కంట్రీయే సాక్ష్యం. 1980లలో పన్ను రాయితీల ఆశతో దూరప్రాంతాల మదుపరులు అక్కడి పీట్‌ను దున్నించి, కాలువలు తవ్వించి, సిట్కా స్ప్రూస్, లాడ్జ్‌పోల్ పైన్ మొక్కలు నాటించారు. కాలువల వల్ల నేల ఎండింది. చెట్ల వేళ్లు మిగిలిన నీటిని పీల్చాయి. గాలి తగిలిన పీట్ కుళ్లడం మొదలై కార్బన్‌ను గాలిలోకి వదిలింది. తెరపగా ఉన్న నేలను మాత్రమే నమ్ముకునే డన్లిన్, గోల్డెన్ ప్లోవర్ వంటి నీటిపక్షులు తోటలకే కాదు, తోటల అంచులకు కూడా దూరమయ్యాయి. 1988 బడ్జెట్‌లో ఆ రాయితీలను రద్దు చేయడంతో నాటడం ఆగింది. 1995లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ ఫోర్సినార్డ్ దగ్గర భూమి కొన్నది. అప్పటినుంచి ఆ సంస్థా, ఇతరులూ చెట్లు నరికించి, చాళ్లు పూడ్పించి నేలకు తడిని తిరిగి తెస్తున్నారు. 2024 జూలైలో ఫ్లో కంట్రీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పీట్ లేని వాలుల్లో, వాగుల ఒడ్డున స్థానిక జాతుల చెట్లు పెరగడం వేరే సంగతి, అది స్వాగతించదగ్గదే. గునపం దిగే ముందు కింద పీట్ ఎంత లోతుందో కొలవాలని మాత్రమే నా పట్టుదల.

ఇంతగా ఎలా పాడైంది?

కారణం ఒక్కటి కాదు. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్, బ్లీక్లో అనే కొండలు మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్య ఉన్నాయి. పారిశ్రామిక విప్లవం నుంచి నూటయాభై ఏళ్లకు పైగా మిల్లుల, కొలిమిల పొగలోని గంధకం వానతో కలిసి ఈ కొండల మీద కురిసింది, పీట్‌కు ప్రాణమైన స్ఫాగ్నమ్ నాచు దానితో చచ్చిపోయింది. నాచు పోయిన నేల మీద వేసవి మంటలు రేగాయి. కాలిన చోట మొలిచిన లేత చిగుళ్లను లెక్కకు మించిన గొర్రెలు మేశాయి. మిగిలిన నల్లటి పీట్‌ను వాన, మంచు, గాలి కోసుకుపోయాయి. ఇతర కొండల్లో రెండో ప్రపంచయుద్ధం తర్వాత మేత పెంచాలన్న ఉద్దేశంతో ప్రభుత్వమే గ్రాంట్లిచ్చి వేల కిలోమీటర్ల పారుదల కాలువలు తవ్వించింది. ఆ కాలువలను అక్కడ గ్రిప్‌లు అంటారు. మేత పెద్దగా పెరగలేదు, నేల మాత్రం ఎండిపోయింది. తవ్వినవారిని ఇప్పుడు దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. ఆనాడు అది దేశానికి తిండి పెట్టే పనిగానే అందరికీ కనిపించింది.

అంత తొందర ఎందుకు? పోయిన పీట్ మళ్లీ ఏర్పడదా?

ఆరోగ్యంగా ఉన్న నేలలో కూడా పీట్ ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది, అంటే ఒక మీటరుకు వెయ్యేళ్లు. బోసిపోయిన చోట ఒక్క ఏడాదిలో అనేక సెంటీమీటర్లు కొట్టుకుపోవచ్చు.

## నేలను పరిశీలించేటప్పుడు

మా ఊరి పైనున్న కొండ పాడైందో లేదో నేను ఎలా గుర్తుపట్టాలి?

అడుగు వేస్తే నేల మెత్తగా కుంగుతూ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల స్ఫాగ్నమ్ దిండ్లలా కనిపిస్తూ, వాటి మధ్య తెల్లని కుచ్చులతో దూదిగడ్డి ఊగుతుంటే నేల బాగుందని అర్థం. నల్లటి పీట్ బయటపడి ఉండడం, మనిషి లోతున కోత గండ్లు పడి ఉండడం, హెదర్ ఒక్కటే ఎడతెరిపి లేకుండా పెరిగి ఉండడం, మొలీనియా అనే గడ్డి మోకాలెత్తు కుదుళ్లుగా నేలంతా ఆక్రమించడం చెడు సూచనలు. ఊదారంగులో విరగబూసిన హెదర్‌ను చూసి కొండ పచ్చగా ఉందని మురిసిపోయేవారు చాలామంది. లోతైన పీట్ మీద హెదర్ మితిమీరిందంటే నేల ఎండుతోందని అర్థం చేసుకోవాలి. నిపుణులైతే సన్నని ఇనుప కడ్డీలు దించి పీట్ లోతును కొలుస్తారు, రంధ్రాలున్న గొట్టాలు పాతి నీటిమట్టాన్ని ఏడాది పొడవునా నమోదు చేస్తారు. బాగున్న బాగ్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం నీరు ఉపరితలానికి సుమారు 10 సెంటీమీటర్ల లోపే ఉంటుంది.

భూమి యజమాని ఒప్పుకుంటే పని మొదలుపెట్టవచ్చా?

చాలాచోట్ల ఆ ఒప్పుదల ఒక్కటే చాలదు. ప్రత్యేక శాస్త్రీయ ప్రాముఖ్యం గల స్థలంగా ప్రకటించిన నేలలో పనిచేయడానికి ఇంగ్లండ్‌లో నేచురల్ ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లో నేచర్‌స్కాట్, వేల్స్‌లో నేచురల్ రిసోర్సెస్ వేల్స్ సమ్మతి కావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉమ్మడి భూమి మీద కంచె వేయాలన్నా, రాకపోకలను అడ్డుకునే నిర్మాణం చేయాలన్నా 2006 నాటి కామన్స్ చట్టంలోని 38వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. పురావస్తు పరిశీలన కూడా మరువరాదు. పీట్‌లో గాలి ఆడదు కనుక వేల ఏళ్లనాటి పుప్పొడి, చెక్క, మానవ ఆవాసాల జాడలు అందులో చెడకుండా ఉంటాయి. యంత్రంతో ఒక్క గంటలో వాటిని చెరిపేయవచ్చు.

ఖర్చు ఎవరు పెడతారు?

ప్రభుత్వ నిధులు, నీటి సరఫరా కంపెనీలు, ధర్మసంస్థలు, కార్బన్ మార్కెట్ కలిసి భరిస్తున్నాయి. స్కాట్లాండ్‌లో పీట్‌లాండ్ యాక్షన్ పథకం 2012 నుంచి నడుస్తోంది. పదేళ్లలో 25 కోట్ల పౌండ్లు వెచ్చించి 2030 నాటికి 2,50,000 హెక్టార్లు బాగుచేస్తామని అక్కడి ప్రభుత్వం 2020లో ప్రకటించింది. 2015లో మొదలైన పీట్‌లాండ్ కోడ్ అనే ప్రమాణం ద్వారా ప్రైవేటు కంపెనీలు కూడా, ఆగిన కార్బన్ ఉద్గారాల లెక్క ప్రకారం డబ్బు పెడుతున్నాయి. ఆ డబ్బు అవసరమే. తమ పొగను తగ్గించుకోకుండా కొండమీది నాచుతో లెక్క సరిచేసుకునే కంపెనీలకు అది అనుమతిపత్రం కాకూడదని నా అభిప్రాయం.

## పని జరిగేటప్పుడు

నల్లగా బోసిపోయిన పీట్ మీద ఏమీ మొలవదంటారు. మరి ఎలా పచ్చబరుస్తారు?

పీక్ డిస్ట్రిక్ట్‌లో, దక్షిణ పెనైన్స్ కొండల్లో 2003 నుంచి పనిచేస్తున్న మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ ఈ పద్ధతిని మెరుగుపరిచింది. మొదట గొర్రెలు రాకుండా కంచె వేస్తారు. తర్వాత వేరే మూర్‌లో కోసిన హెదర్ కొమ్మలను తెచ్చి నేల మీద పలుచగా పరుస్తారు. అవి గాలికీ వానకూ పీట్ లేచిపోకుండా పట్టి ఉంచుతాయి, వాటిలోని విత్తనాలు, నాచు ముక్కలు, శిలీంధ్రాలు నేలకు చేరతాయి. నిటారు వాలుల మీద జనపనార వలలు పరిచి మేకులు దిగ్గొడతారు. పారిశ్రామిక పొగ వల్ల నేల పుల్లబడి ఉంటుంది కాబట్టి సున్నం, కొద్దిగా ఎరువు చల్లి, త్వరగా మొలిచే గడ్డి విత్తనాలు వేస్తారు. ఈ గడ్డి శాశ్వతంగా ఉండాలని ఎవరూ కోరుకోరు. దాని వేళ్లు నేలను పట్టుకుంటే ఆ నీడలో హెదర్, బిల్‌బెర్రీ, దూదిగడ్డి నిలదొక్కుకుంటాయి, సున్నం ప్రభావం తగ్గినకొద్దీ గడ్డి తనంతట తానే తప్పుకుంటుంది. సాధారణంగా సున్నం, ఎరువు రెండు మూడేళ్లు వరుసగా వేయాలి. ఆ తర్వాతే నర్సరీలో పెంచిన దూదిగడ్డి మొక్కలనూ నాచునూ నాటుతారు. నాచు ముందు నాటితే ఎండకు మాడిపోతుంది. క్రమం తప్పితే డబ్బు కొట్టుకుపోయినట్టే.

కాలువలకు, గండ్లకు అడ్డుకట్టలు దేనితో కడతారు?

చోటును బట్టి మారుతుంది. తక్కువ వాలు ఉన్న పారుదల కాలువలో పక్కనున్న తడి పీట్‌నే తవ్వి కట్ట వేయడం అన్నిటికంటే చవక, మన్నికైనది కూడా. అయితే పైనున్న పచ్చిక చెక్కను విడిగా తీసి, కట్ట మీద తిరిగి పరచాలి, లేకపోతే కట్ట ఎండి పగులుతుంది. పీట్ అంతా పోయి రాయి బయటపడ్డ గండ్లలో రాతికట్టలే నిలుస్తాయి. ఆ రెండిటికీ మధ్యస్థంగా ఉన్నచోట చెక్క, కొబ్బరిపీచు దుంగలు, హెదర్ మోపులు, ప్లాస్టిక్ పలకలు వాడతారు. ప్లాస్టిక్‌ను వీలైనంత తగ్గించాలి. ఒకే పెద్ద కట్టతో నీటిని నిలిపేయాలని చూడరాదు. పై కట్ట పాదం దాకా కింది కట్ట వెనుక నీరు నిలిచేలా చిన్న కట్టలను వరుసగా కడితే ఏ ఒక్కదాని మీదా బరువు పడదు, కట్టల వెనుక పీట్ పేరుకుని నాచుకు చోటు దొరుకుతుంది.

హెలికాప్టర్లు ఎందుకు? ఆర్భాటం కాదా?

కాదు. ఆ కొండల మీద బాటలు లేవు, బరువు బండి వెళితే దాని చక్రాల గాడి కొత్త కాలువ అవుతుంది. రాళ్లను, సున్నాన్ని, కొమ్మల మోపులను గాలిలోనే చేరవేయడం నేలకు అన్నిటికంటే తక్కువ హాని.

స్ఫాగ్నమ్ నాచు గురించి అంతలా చెబుతారు, దానిలో అంత గొప్పేముంది?

పీట్‌ను తయారుచేసే మొక్క ప్రధానంగా అదే. దాని ఆకుల్లోని ఖాళీ కణాలు ఎండు బరువుకు దాదాపు ఇరవై రెట్ల నీటిని పట్టి ఉంచగలవు. తన చుట్టూ ఉన్న నీటిని అది పుల్లబరుస్తుంది, ఆ పులుపులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మందగిస్తాయి, పీట్ నిలుస్తుంది. ఈ గుణాల వల్లనే మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ గ్రామస్తులు బస్తాలకొద్దీ నాచు సేకరించి ఆరబెట్టి, సైనికుల గాయాలకు కట్టే పట్టీల కోసం పంపారు. అంత నీటిని పట్టే మొక్క మరొకటి ఆ కొండ మీద లేదు కాబట్టి, నాచు తిరిగి రాని చోట మిగిలిన పనంతా సగంలో ఆగినట్టే. ఇప్పుడు ప్రయోగశాలల్లో చిన్న ముక్కల నుంచి నాచును పెంచి, చిన్న కుదుళ్లుగా తడి గుంటల అంచున నాటుతున్నారు. బాగున్న మూర్ నుంచి గంపలకొద్దీ పీకి తేవడం ఒక గాయాన్ని మాన్పడానికి మరో గాయం చేయడమే.

నిప్పు పెట్టి హెదర్‌ను కాల్చడం మంచిదా, చెడ్డదా?

ఈ ప్రశ్న దగ్గర మాటలు వేడెక్కుతాయి, అందుకే నెమ్మదిగా చెప్పుకోవాలి. ఆగస్టు 12న మొదలయ్యే రెడ్ గ్రౌజ్ పక్షుల వేట కోసం ఎస్టేట్లు తరతరాలుగా చలికాలంలో హెదర్‌ను చిన్న మడులుగా కాలుస్తూ వచ్చాయి. కాలిన మడిలో మొలిచే లేత చిగుళ్లు గ్రౌజ్‌కు తిండి, పక్కనున్న ముదురు పొదలు దాక్కునే చోటు. పలుచటి నేలల మీద దీనివల్ల కొన్ని పక్షులకు మేలు ఉన్నమాట నిజం. పొదలు బాగా పెరగనిస్తే వేసవి మంటలకు ఇంధనం పోగవుతుందని కూడా ఎస్టేట్ల వారు వాదిస్తారు. ఆ వాదనలో కొంత బలం ఉంది. కాని లోతైన పీట్ మీద పదేపదే కాల్చడం వల్ల హెదర్ ఆధిపత్యం పెరిగి, నాచు తగ్గి, నేల ఎండుతుంది. ఎండిన నేలే పెద్ద మంటకు అసలు ఇంధనం. 2018 జూన్‌లో సాడిల్‌వర్త్ మూర్ అంటుకున్నప్పుడు ఆర్పడానికి సైన్యాన్ని కూడా పిలవవలసి వచ్చింది. ఎండిన పీట్ అంటుకుంటే మంట లోపలికి దిగి, పైకి కనిపించకుండా రగులుతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో 2021 నియమాల ప్రకారం రక్షిత స్థలాల్లో 40 సెంటీమీటర్లకు మించిన పీట్ మీద లైసెన్సు లేకుండా కాల్చకూడదని ఉండేది. 2025లో ఆ హద్దును 30 సెంటీమీటర్లకు తగ్గించి, రక్షిత స్థలాల వెలుపలి కొండ ప్రాంతాలకు కూడా విస్తరించారు. స్కాట్లాండ్‌లో 2024 చట్టం కాల్చడానికి లైసెన్సు విధానాన్ని తెచ్చింది. నా దృష్టిలో మంటకు తగిన విరుగుడు తడి, మరో మంట కాదు.

ఏడాదిలో ఏ నెలల్లో పని చేస్తారు?

పక్షులు గూడు కట్టే వసంతం, తొలి వేసవి నెలల్లో యంత్రాలను, హెలికాప్టర్లను దూరంగా ఉంచాలి కనుక భారీ పని శరదృతువు నుంచి చలికాలం చివరి దాకా సాగుతుంది. మంచు, పొగమంచు, ఈదురుగాలి కలిసి అందులోనూ సగం రోజులను మింగేస్తాయి.

## పక్షులు, జంతువుల గురించి

నేల తడిస్తే పక్షులకు ఏం లాభం?

లాభం తిండి రూపంలో వస్తుంది. పొడవాటి కాళ్లతో దోమలా కనిపించే క్రేన్‌ఫ్లై అనే కీటకం తడి పీట్‌లో గుడ్లు పెడుతుంది. వేసవి చివర నేల ఎండిపోతే ఆ లార్వాలు చస్తాయి, మరుసటి వసంతంలో కీటకాలు తక్కువగా పైకి వస్తాయి. సరిగ్గా అప్పుడే గుడ్డు నుంచి బయటపడే గోల్డెన్ ప్లోవర్ పిల్లలకు తిండి కరువవుతుంది. కాలువకు కట్ట వేస్తే కట్ట వెనుక తడిలో ఈ కీటకాలు నిలుస్తాయి. కట్టడానికీ పక్షిపిల్లకూ ఉన్న ఈ సంబంధం తెలిసిన తర్వాత, చలిలో రోజంతా బురద తవ్వడం భారంగా అనిపించదు.

కర్ల్యూ గురించి అందరూ ఆందోళన పడుతున్నారు, ఎందుకు?

పొడవైన వంపు ముక్కుతో, గుండెను పట్టే దీర్ఘమైన కూతతో ఉండే ఈ పక్షుల్లో ప్రపంచం మొత్తం మీద గుడ్లు పెట్టేవాటిలో సుమారు నాలుగో వంతు బ్రిటన్‌లోనే ఉన్నాయి. 1990ల మధ్య నుంచి అక్కడ వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. తడినేలలు తగ్గడం, గడ్డిని త్వరగా కోయడం, నక్కలు, కాకులు గుడ్లను తినేయడం కలిసి దెబ్బతీశాయి. మూర్‌ను మాత్రమే బాగుచేస్తే కర్ల్యూకు చాలదు. అంచుల్లోని గడ్డి పొలాలను కూడా రైతులు ఆలస్యంగా కోస్తేనే పిల్లలు ఎగిరే వయసుకు చేరతాయి.

హెన్ హారియర్ అనగానే గొడవ ఎందుకు మొదలవుతుంది?

ఈ డేగజాతి పక్షి గ్రౌజ్ పిల్లలను తింటుంది, అందువల్ల చట్టవిరుద్ధంగా చంపడం దీర్ఘకాలం సాగింది. 2016 సర్వేలో ఇంగ్లండ్‌లో కేవలం 4 జంటలు కనిపించగా, 2023లో ఆ సంఖ్య 50కి చేరింది, బ్రిటన్ సర్వేలో మొత్తం 691 జంటలు లెక్కకొచ్చాయి. పెరుగుదల నిజమే, ఉపగ్రహ ట్యాగులున్న పక్షులు అనుమానాస్పదంగా మాయమవడం కూడా నిజమే.

## చుట్టుపక్కల జనం గురించి

గొర్రెలను పూర్తిగా తీసేయాలంటారా? మరి మా బతుకేం కావాలి?

పూర్తిగా తీసేయడం అన్నిచోట్లా అవసరం లేదు. నల్లటి పీట్ మీద విత్తిన కొన్నేళ్లు మాత్రం గొర్రెలు దూరంగా ఉండక తప్పదు. ఆ తర్వాత తక్కువ సంఖ్యలో, తక్కువ నెలలు మేపితే చాలా మూర్‌లు తట్టుకుంటాయి. కొన్నిచోట్ల గొర్రెల బదులు పశువులను కొద్దిగా తిప్పితే మొలీనియా కుదుళ్లు విరిగి ఇతర మొక్కలకు చోటు దొరుకుతుంది. ఒకప్పుడు గొర్రె తలకింత అని రాయితీ ఇచ్చి మందలను పెంచమన్నది ప్రభుత్వమే. ఇప్పుడు తగ్గించమంటున్నప్పుడు ఆ ఆదాయ నష్టాన్ని దీర్ఘకాలిక ఒప్పందాలతో పూడ్చవలసిన బాధ్యతా దానిదే. మరొక సంగతి బయటివారికి తట్టదు. కంచెలు లేని కొండ మీద ప్రతి మందకూ తన మేత హద్దు తెలుసు, ఆ ఎరుక తల్లి గొర్రె నుంచి పిల్లకు తరతరాలుగా అందుతుంది. దీన్ని హెఫ్టింగ్ అంటారు. మందను ఒక్కసారి అమ్మేస్తే ఆ జ్ఞానం కూడా పోతుంది, కొత్త మందకు నేర్పడానికి ఏళ్ల కాపలా కావాలి. అందుకే మేత హక్కుదారులను పటం గీసిన తర్వాత పిలిచి చూపించడం కాకుండా, పటం గీసేటప్పుడే పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఏ వాలులో మంచు ముందు కరుగుతుందో, ఏ గండి ఏ ఏడు తెగిందో వారికి తెలిసినంతగా ఏ ఉపగ్రహ చిత్రమూ చెప్పలేదు.

పైన పని చేస్తే మా ఊరికి వరద ఆగిపోతుందా?

ఆగిపోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు. బోసి పీట్ మీద పడ్డ వాన గాజు మీద జారినట్టు దిగుతుంది. గడ్డి, నాచు పెరిగాక నేల గరుకై నీటి నడక నెమ్మదిస్తుంది. కిండర్ స్కౌట్ మీద చేసిన కొలతల్లో, మొక్కలు పెంచి గండ్లకు కట్టలు వేసిన చిన్న పరీవాహకాల్లో వరద శిఖరం తగ్గిందనీ, ఆలస్యంగా వచ్చిందనీ తేలింది. ఆ ఆలస్యం కొండ పాదంలోని చిన్న ఊళ్లకు విలువైనది. పెద్ద నది మీద, దూరపు పట్టణంలో, రోజుల తరబడి కురిసిన వాన తర్వాత ఈ ప్రభావం పలచబడుతుంది, అక్కడ ఇతర వరద రక్షణలు ఉండాల్సిందే.

కొళాయి నీటికీ దీనికీ సంబంధం ఏమిటి?

బ్రిటన్ తాగునీటిలో సుమారు 70 శాతం కొండ ప్రాంతాల నుంచే వస్తుంది. ఎండి కుళ్లుతున్న పీట్ నుంచి కరిగిన సేంద్రియ పదార్థం నీటిని టీ రంగుకు మారుస్తుంది. దాన్ని తొలగించకుండా క్లోరిన్ కలిపితే ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు ఏర్పడతాయి కనుక శుద్ధి ఖర్చు పెరుగుతుంది. అందుకే నీటి కంపెనీలు తమ జలాశయాల పైనున్న మూర్‌లను బాగుచేయడానికి ముందుకు వచ్చాయి.

నడకకు వచ్చే మమ్మల్ని ఆపేస్తారా?

ఆపరు. ఈ కొండల మీద నడిచే హక్కు పోరాడి తెచ్చుకున్నది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ ప్రాంతాల కార్మికులు ఎస్టేట్ కాపలాదారులను ఎదిరించి కిండర్ స్కౌట్ ఎక్కారు, కొందరు జైలుకు కూడా వెళ్లారు. 2000 నాటి చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ స్వేచ్ఛను విస్తరించింది. అదే చట్టం కింద, నడక హక్కున్న భూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కను పొట్టి తాడుతో పట్టుకునే నడవాలి, ఎందుకంటే అప్పుడు గూళ్లు నేల మీదే ఉంటాయి. పెనైన్ వే దారిలో అడుగుల ఒత్తిడికి పీట్ బురదై వెడల్పవుతున్నచోట, మూతపడ్డ మిల్లుల్లోని రాతిపలకలను తెచ్చి పరిచారు. ఆ పలకల మీదనే నడిస్తే పక్కనున్న నాచు కోలుకుంటుంది. పొయ్యి, బొగ్గుల కుంపటి మాత్రం ఏ నెలలోనూ తీసుకురాకండి.

## పని అయిపోయాక

నేల తడిస్తే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుందంటారు కదా, అప్పుడు మొత్తానికి నష్టమే కదా?

మీథేన్ పెరగడం నిజం, ముఖ్యంగా నీరు నిలిచిన గుంటల్లో మొదటి ఏళ్లలో. అయితే మీథేన్ గాలిలో పన్నెండేళ్ల లోపే చాలావరకు విచ్ఛిన్నమవుతుంది. ఎండిన పీట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు పేరుకుంటూనే ఉంటుంది. నీరు ఉపరితలానికి కొద్దిగా కిందే ఉండేలా, లోతైన మడుగులు ఏర్పడకుండా చూసుకుంటే, దీర్ఘకాలంలో లెక్క స్పష్టంగా లాభం వైపే ఉంటుంది.

ఎన్నేళ్లకు ఫలితం కనిపిస్తుంది?

నల్లటి నేల రెండు మూడేళ్లలో పచ్చబడుతుంది, నీటిమట్టం కట్ట వేసిన తొలి చలికాలంలోనే లేవవచ్చు. నాచు దుప్పటి అల్లుకోవడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. కొత్త పీట్ పేరుకుందని చెప్పడానికి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. మూడేళ్ల గ్రాంట్లతో ఈ పని నడపడమే అతిపెద్ద లోపమని నేను భావిస్తాను.

కట్టలు వేసి వదిలేయవచ్చా?

వదిలేయకూడదు. మొదటి రెండు చలికాలాల తర్వాత ప్రతి కట్టనూ నడిచి చూడాలి. నీరు పక్క నుంచి కోసుకుపోయిందా, అడుగు నుంచి ఊరుతోందా అని గమనించి వెంటనే సరిచేయాలి. ఒకే చోట నిలబడి ఏటా అదే నెలలో ఫొటో తీయడం స్వచ్ఛంద కార్యకర్త ఎవరైనా చేయగల పని. పక్కనున్న తోటల నుంచి గాలికి వచ్చి మొలిచే స్ప్రూస్ మొక్కలను మోకాలెత్తు దాటకముందే పీకేయాలి, అప్పుడైతే చేతితోనే వస్తాయి.